చంద్రుడి అడుగులూ, గంప కింద అడుగూ

సూర్యుడి పేరు పెట్టుకున్న ఊరికి, అదీ ఏప్రిల్ నెలాఖరులో, చంద్రుడి కబుర్లు చెప్పడానికి వెళ్తున్నానంటే మా కాకినాడ కాలేజీ స్టాఫ్ రూంలో అందరూ నవ్వారు. అక్కడి ఎండకి వడియాలు ఒక్క పూటలో ఎండిపోతాయట కదా, తిరిగొచ్చి చెప్పు అని ఒకావిడ నన్ను సాగనంపింది. తిరిగొచ్చాను. వచ్చి వారమైంది. వడియాల మాట ఎత్తే అవకాశం నేను ఎవరికీ ఇవ్వడం లేదు. కనబడిన ప్రతివాళ్ళకీ ఒక గొర్రెల దొడ్డి సంగతి చెబుతున్నాను. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

ముందు నా పిచ్చి ఏమిటో చెప్పాలి. నేను ఫిజిక్సు పాఠాలు చెబుతాను. రెండేళ్ళ నుంచి సెలవు దొరికినప్పుడల్లా నలభై స్లయిడ్లు వెంటేసుకుని ఊళ్ళు తిరుగుతూ ఒకే విషయం మీద మాట్లాడుతున్నాను. మనుషులు చంద్రుడి మీద దిగిన చోట్లను చెడిపోకుండా కాపాడాలా, కాపాడితే ఎవరు కాపాడాలి అని. అక్కడ గాలి లేదు, వాన లేదు. నలభై ఏళ్ళ కిందటి అడుగులు పడ్డవి పడ్డట్టే ఉన్నాయి. ఇప్పుడు ప్రైవేటు కంపెనీలు కూడా అక్కడికి యంత్రాలు పంపుతామంటున్నాయి. దిగే యంత్రం మంటకి లేచిన దుమ్ము చాలు, ఆ అడుగులు చెరిగిపోవడానికి. అందుకని అమెరికా అంతరిక్ష సంస్థ వాళ్ళు, మా పాత చోట్లకు రెండు కిలోమీటర్ల అవతల దిగండి బాబూ అని అందరినీ కోరుతున్నారు. వినాలని రూలేం లేదు. అందుకే నాకు ఆ విషయం మీద అంత ఆసక్తి.

నన్ను పిలిచింది వసుంధర. సూర్యాపేటలో జువాలజీ చెబుతుంది. యూనివర్సిటీ హాస్టల్లో మాది ఒకే గది. మూడు ఊళ్ళలో మూడు సభలు పెట్టిస్తా, నువ్వు నోరు తెచ్చుకో చాలు అంది ఫోన్లో.

సూర్యాపేట: గజం ఎంత

వసుంధర ఇంట్లో మొదటి భోజనానికే నాకు పచ్చిపులుసు పోసింది. చింతపండు పిసికిన నీళ్ళలో ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, కాస్త కొత్తిమీర. పొయ్యి మీద పెట్టనే లేదు. మా వైపు ఎవరైనా చారు కాచకుండా వడ్డిస్తే గ్యాసు అయిపోయిందనుకుంటాం. మూడుసార్లు పోయించుకున్నాను. ఆ ఎండలో కాచిన చారు తాగేవాళ్ళదే తప్పనిపించింది.

సాయంత్రం సభకు నడిచి వెళ్ళాం. మార్కెట్ యార్డు నిండి, ధాన్యం కుప్పలు రోడ్డు అంచుదాకా వచ్చి ఉన్నాయి. సభ ఒక బట్టల కొట్టు పైన ఉన్న రీడింగ్ రూములో. నలభై మంది వస్తారనుకుంటే వంద మందికి పైనే వచ్చారు. సైన్సు మీద ఈ ఊరికి ఇంత ప్రేమా అని నేను పొంగిపోయాను. పొంగు ఎంతోసేపు నిలవలేదు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, చేతిలో రెండు ఫోన్లు పట్టుకున్న ఒకాయన నేను మైకు ముందుకు రాకముందే లేచాడు.

"మేడం, గజం ఎంత పెట్టిన్రు?"

నాకు అర్థం కాలేదు. వసుంధర గోడ మీది పోస్టరు వైపు చూసి తల పట్టుకుంది. నేను రాసిచ్చిన పేరు 'చంద్రుడిపై చారిత్రక స్థలాలు: రక్షణ, సందేహాలు'. ప్రెస్సువాళ్ళు అందం కోసం 'చంద్రుడిపై స్థలాలు' అన్నది బొప్పాయి పండంత అక్షరాల్లో వేసి, మిగతాదంతా కింద చీమల్లా పేర్చారు. హైవే వెడల్పు చేశాక ఈ ఊళ్ళో ప్లాట్ల బేరం తప్ప వేరే మాట లేదట. వచ్చినవాళ్ళలో సగం మంది ప్లాట్ల కోసమే వచ్చారు.

సంగతి తెలిసి కొందరు వెళ్ళిపోయారు. ఆ తెల్లచొక్కా ఆయన మాత్రం ముందు వరసలోనే కూర్చుని చివరిదాకా విన్నాడు. పేరు జనార్దన్, హైవే పక్కన ప్లాట్లు అమ్మిస్తాడు. ప్రశ్నల సమయం రాగానే మళ్ళీ లేచాడు.

"చంద్రుడు ఎవరి పట్టా మేడం?"

"ఎవరిదీ కాదండీ. ఏ దేశమూ అది తనదని అనకూడదని ఒప్పందం ఉంది."

"అంటే బంచరాయి అన్నట్టు."

బంచరాయి అంటే ఊరందరి పశువులూ మేసే ఉమ్మడి భూమి అని వసుంధర నా చెవిలో చెప్పింది. అంతేనండి అన్నాను.

"బంచరాయిల నేను ఒక మూలకు కంప కొట్టి, గిది మా తాత నడిసిన జాగ, మీరు దూరం నుంచే సూడుండ్రి అంటే ఏమంటరు?"

"ఏమంటారు?"

"కబ్జా అంటరు. నేను గదే ధందాల ఉన్న, నాకు ఎరికే."

హాలంతా నవ్వింది. వాళ్ళు రావద్దనడం లేదు, కాస్త దూరంగా దిగమంటున్నారు అని నేను సర్దబోయాను.

"మొదలు మేము గూడ గట్లనే అంటం మేడం," అన్నాడు జనార్దన్, ఎంతో మర్యాదగా.

పెద్ద పెద్ద న్యాయశాస్త్రవేత్తలు చంద్రుడి మీద రక్షణ మండలాల గురించి రాసినవి నేను చదివాను. వాళ్ళ భయం కూడా సరిగ్గా ఇదే. కాపాడడం పేరుతో గిరి గీస్తే, ఆ గిరి లోపలి నేల ఎవరిదైపోతుంది? నా దగ్గర జవాబు లేదు. లేదనే చెప్పాను. జనార్దన్ సంతోషించి మాకిద్దరికీ కింద హోటల్లో చాయ్ ఇప్పించాడు. చాయ్ తాగుతూ, ఎప్పుడన్నా అక్కడ అమ్మకాలు మొదలైతే ముందు తనకు ఫోన్ చేయమన్నాడు.

కోదాడ: చూడందే నమ్మని మాస్టారు

స్థలాలు అన్న మాటతో దెబ్బ తిన్నాను కదా, కోదాడ సభకు పేరు మార్చాను. 'మనిషి దిగిన చోట్లు' అని పెట్టాం. పొద్దున్నే ఎర్ర బస్సెక్కితే గంట దాటగానే చేరాం. దారి పొడుగునా నున్నటి నాలుగు వరసల రోడ్డు, దాని అంచున రైతులు ఆరబోసిన వడ్లు, వడ్లకు కాపలాగా వరసగా పెట్టిన రాళ్ళు. రాళ్ళకు ఇవతలే బళ్ళు వెళ్ళాలి. అంతంత వేగంతో వచ్చే లారీలు కూడా ఆ రాళ్ళను గౌరవించడం చూసి నాకు ముచ్చటేసింది.

కోదాడ బస్టాండులో దిగగానే ముంజలు కనిపించాయి. పది రూపాయలకు ఆరు. మా ఊళ్ళో కాయ కొట్టించుకుని బొటనవేలితో తోడుకుంటాం. ఇక్కడ ఒలిచి తాటాకులో పెట్టి ఇస్తారు. నాకన్నీ తెలుసన్నట్టు ఒకటి గట్టిగా నొక్కాను. లోపలి నీళ్ళు నా కొత్త వెంకటగిరి చీర మీదికి చిమ్మాయి. "మెల్లిగ తినాలమ్మా, తొందరేమున్నది," అంది అమ్మే ఆవిడ. తరవాత సభలో గంటసేపు ఆ మరక మీద ఫైలు అడ్డం పెట్టుకునే మాట్లాడాను.

సూర్యాపేటలో చాయ్ తాగుతరా అని అడిగినవాళ్ళే, నలభై కిలోమీటర్లు ఇవతలికి వచ్చేసరికి టీ తీసుకుంటారా అండీ అంటున్నారు. మాట అక్కడిదీ కాదు, మాదీ కాదు. మధ్యలో ఎక్కడ మారిందో కనిపెడదామని బస్సులో చెవులు రిక్కించుకునే కూర్చున్నాను గానీ దొరకలేదు.

ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు ఇంటర్నెట్టులో చూసిన అనుమానాలన్నీ సిద్ధంగా తెచ్చుకున్నారు. గాలి లేనిచోట జెండా ఎలా ఊగింది, ఫొటోల్లో చుక్కలేవి, నీడలు వంకరగా ఎందుకున్నాయి? ఇవి నాకు అలవాటే. జెండాకి పైన అడ్డకర్ర ఉంది, పాతేటప్పుడు కదిలి ఊగింది, ఆపడానికి గాలి లేదు కాబట్టి కాసేపు ఊగుతూనే ఉంది. ఎండకి మెరిసే నేలను ఫొటో తీస్తే చుక్కలు పడవు. నేల ఎగుడుదిగుడైతే నీడలు వంకరపోతాయి. చంద్రుడి చుట్టూ తిరుగుతున్న ఉపగ్రహం ఈమధ్య పంపిన ఫొటోల్లో ఆ యంత్రాల కింది భాగాలు, వాటి పక్కన సన్నటి గీతల్లా మనుషులు నడిచిన దారులు కనిపిస్తాయి. అవి చూపిస్తే పిల్లలు కుర్చీల్లోంచి ముందుకు వంగారు.

అసలు ఆశ్చర్యం భోజనాల దగ్గర ఎదురైంది. పిల్లల్ని సభకు తీసుకొచ్చిన ఫిజిక్సు మాస్టారు శ్రీనివాసరావు గారు గోంగూర కలుపుకుంటూ, ఎవరూ వినడం లేదని చూసుకుని, మెల్లగా అన్నారు.

"నేను మటుకు నమ్మనండీ."

"ఏది?"

"దిగారని. కళ్ళతో చూడంది నేను నమ్మను. పరీక్షలో మాత్రం దిగారనే రాయిస్తాను. మార్కులు పోతాయి కదండీ పిల్లలకి."

నాకు కోపం రావాలి గానీ నవ్వొచ్చింది. ఇంత నిజాయితీగా చెప్పినవాళ్ళు నాకు ఎక్కడా తగల్లేదు. మీలాంటి వాళ్ళ కోసమే ఆ చోట్లు కాపాడాలండీ, ఎప్పటికైనా ఎవరో ఒకరు వెళ్ళి కళ్ళతో చూడొచ్చు అన్నాను.

"బావుందండీ. చూడ్డానికి వెళ్ళినోడు ఎక్కడ నిలబడి చూస్తాడు?"

నేను ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాను.

"దగ్గరికెళ్ళకపోతే నమ్మకం కుదరదు. దగ్గరికెళ్తే ఆ అడుగుల మీదే వీళ్ళ అడుగులు పడతాయి. నాబోటి అనుమానం మనుషులు ఓ నలుగురు వెళ్ళొస్తే ఇక అక్కడ చూడ్డానికేం మిగలదండీ," అని మజ్జిగ పోసుకున్నారు.

తిరుగు బస్సులో ఈ మాటే తలుచుకుంటూ కూర్చున్నాను. వసుంధరకి వేరే చింత ఉంది. రేపు మిర్యాలగూడ సభకు పేరు తనే పెడతానంది. "నీ తెలుగుకు మా దిక్కు అర్థాలు మారుతున్నయ్ సుభద్రా. చోట్లు అంటే ఆ కాలేజీ ప్రిన్సిపాల్ అడ్మిషన్ల సీట్లు అనుకున్నడు. ఇగ నాకిడిసిపెట్టు."

ఆమె పెట్టిన పేరు 'చంద్రుడి మీద అడుగుజాడలు'. ఇంతకన్నా చక్కటి పేరు ఉండదని నేనూ ఒప్పుకున్నాను.

మిర్యాలగూడ: యాకూబ్ మైకు

మిర్యాలగూడలో గాలికే ఒక రుచి ఉంది. ఉప్పుడు బియ్యం ఉడికే వాసన, దాని మీద ఊక నుసి. ధాన్యం లారీలు మిల్లుల ముందు పెళ్ళి భోజనాల బంతిలో కూర్చున్నట్టు వరస కట్టి ఉన్నాయి. మాకు అన్నం పెట్టిన హోటలాయన, మీరు కాకినాడలో తినేది కూడా మా బియ్యమేనమ్మా అన్నాడు. మాది గోదావరి జిల్లా అని నేను వాదనకి దిగాను. వసుంధర కాలు తొక్కితే ఊరుకున్నాను.

సభ గురించి ఊరంతా చాటే పని యాకూబ్ అనే ఆటో అతనికి అప్పజెప్పారు. ఆటో మీద మైకు కట్టుకుని పొద్దున్నుంచి తిరుగుతున్నాడు. మేం స్టేషన్ రోడ్డులో నడుస్తుంటే ఆ ఆటో మా పక్కనుంచే వెళ్ళింది. "రండి, వినండి. నలభై ఏండ్ల నాటి అడుగుజాడలు గూడ సూసి అసలు సంగతి చెప్పే మేడంగారు మన మిర్యాలగూడకు వస్తున్నరు." నేను వసుంధర వైపు చూశాను. ఆమె ఎటో చూసింది. రాసిచ్చిన కాగితం గాలికి ఎగిరిపోతే, గుర్తున్నంత వరకు సొంతంగా చెప్పానని యాకూబ్ తరవాత సంజాయిషీ ఇచ్చాడు.

సభ బాగా జరిగింది. చివర్లో ల్యాప్‌టాప్ సర్దుకుంటుంటే, గుమ్మం దగ్గర నిలబడ్డ ఒక అమ్మాయి లోపలికి వచ్చింది. పాతికేళ్ళుంటాయి. చెమటతో ముఖం మెరుస్తోంది. ఎంతో దూరం నుంచి వచ్చినట్టుంది.

"మేడం, అడుగు సూసి ఎవరిదో చెప్పేది మీరేనా?"

కాదమ్మా, నేను చెప్పేది చంద్రుడి గురించి అన్నాను.

"చంద్రుని మీది అడుగులే మీకు తెల్సినై. మా దొడ్ల అడుగు తెల్వదా?"

ఆమె పేరు రేణుక. కాలువ పక్క పల్లెలో గొర్లు కాసుకునే ఇల్లు. మూడు రోజుల కింద వాళ్ళ దొడ్డిలోంచి ఒక పొట్టేలు పోయింది. ఉత్త పొట్టేలు కాదు, దేవుడికి మొక్కి పెంచుతున్నది. దొడ్డి గుమ్మంలో ఒక అడుగు పడి ఉంది. అది రేణుక భర్త సైదులుదని ఆమె అన్న యాదగిరి అంటున్నాడు. సైదులు ఇల్లరికం వచ్చినవాడు. దేవుడి సొమ్ము అమ్ముకున్నాడన్న మాట పడ్డాక ఆ ఇంట్లో ఉండనివ్వరు.

"రేపు పొద్దుమూకి పెద్దమనుషులు కూసుంటరు. అడుగు ఆయనదే అని తేలితే ఆయనను ఎల్లగొడ్తరు. ఆయన పోతే నేను గూడ పోవాలె గద మేడం. మా అవ్వకు, అయ్యకు నేను తప్ప ఎవ్వరు చేస్తరు? మీరు ఒక్కపారి వచ్చి సూడుండ్రి."

"నాకు తెలియదమ్మా. నిజంగా తెలియదు."

ఆమె కదల్లేదు. వసుంధర నన్ను పక్కకి లాగింది. "యాకూబ్ చేసిన లొల్లి ఇది. పోదాం పా. సూసి, తెల్వదని ఆడనే చెప్పి వద్దాం. గీడ చెప్తే ఈ పిల్ల నమ్మదు."

గంప కింద

మర్నాడు పొద్దున యాకూబ్ కిరాయి తీసుకోనని పట్టుబట్టి మమ్మల్ని ఆటోలో తీసుకెళ్ళాడు. ఎడమవైపు కాలువ, కుడివైపు కోసేసిన పొలాలు. పల్లెలో ఆటో ఆగగానే రేణుక తల్లి బక్కమ్మ మంచం వాల్చి, స్టీలు చెంబుల్లో చల్ల తెచ్చింది. మా ఇళ్ళలో వచ్చిన పని చెప్పాక మర్యాదలు మొదలవుతాయి. ఇక్కడ చల్ల తాగేదాకా పని మాట ఎవరూ ఎత్తలేదు.

తరవాత రేణుక తండ్రి మల్లయ్య లేచి దొడ్డి దగ్గరికి తీసుకెళ్ళాడు. చుట్టూ తుమ్మ కంప, ఒక మూల గుమ్మం. గొర్రెలు మేతకు పోయాయి. గుమ్మంలో ఒక వెదురు గంప బోర్లించి ఉంది. దాని మీద రాయి. చుట్టూ బూడిదతో గిరి. జాడ దొరికినప్పుడు గాలికి, కోళ్ళకు చెడకుండా ఇలా మూసిపెట్టడం తమ తాతల నుంచీ ఉందని మల్లయ్య చెప్పాడు. నేను రెండేళ్ళుగా స్లయిడ్లేసి ఊరూరా చెబుతున్న పనిని ఈ ఇంటివాళ్ళు ఒక గంపతో ఎప్పటినుంచో చేస్తున్నారు. నాకు ఒక్క క్షణం మిగతాదంతా మరచిపోయేంత ఉత్సాహం వచ్చింది. రేణుక ముఖం చూశాక సిగ్గేసింది.

మల్లయ్య రాయి తీసి, గంప ఎత్తాడు. పొడి పేడ దుమ్ములో కుడి పాదం. చెప్పు లేదు. బొటనవేలు లోతుగా దిగింది. నేను వంగి చూశాను. మనిషి పాదం అన్న మాట తప్ప నాకేమీ తెలియలేదు.

యాదగిరి కంప పక్కన నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్ళవాడు, నా వైపు కాక సైదులు వైపే చూస్తున్నాడు. సైదులు కాస్త దూరంలో రాతి తొట్టి అంచున కూర్చుని తాడు పేనుతున్నాడు. కోదాడ దగ్గరివాడట. ఆ ఇంట్లో అతని మాట ఒక్కటే వేరుగా వినిపించింది.

"నా అడుగేనండి," అన్నాడు, తల ఎత్తకుండానే. "రోజూ నేను తిరిగే దొడ్డి. నా అడుగు లేకపోతే కదండీ అనుమానపడాలి."

"సూసిన్రా, ఆయనే ఒప్పుకున్నడు," అన్నాడు యాదగిరి.

నేను గంప పెట్టిన చోటు నుంచి చుట్టూ చూశాను. బూడిద గిరికి ఇవతల నేలంతా అడుగులే. నాలుగు రోజులుగా పల్లె పల్లెంతా వచ్చి, ఆ ఒక్క అడుగును చూసి, చర్చించి, తొక్కి వెళ్ళింది. శ్రీనివాసరావు గారు చెప్పిన అనుమానం మనుషులు ఇక్కడ నలుగురు కాదు, నలభై మంది వచ్చి వెళ్ళారు.

"మల్లయ్యగారూ, ఈ అడుగు ఒక మనిషి ఇక్కడ కాలు పెట్టాడని మాత్రమే చెబుతుంది. ఎప్పుడు పెట్టాడో, ఎటు పోయాడో, పొట్టేలు వెంట ఉందో లేదో దీని చుట్టూ ఉన్న నేల చెప్పాలి. పొట్టేలు గిట్టలు ఎటు పోయాయి? పక్కన వేరే అడుగులున్నాయా? అదంతా తొక్కేశారు. చంద్రుడి మీద కూడా అందుకే ఒక్క అడుగును కాదు, చుట్టూ ఉన్న చోటంతా వదిలేయమని అడుగుతున్నారు."

మల్లయ్య చేతిలో ఉన్న గంపను తిప్పి చూశాడు. "గంప సిన్నగైంది అంటరు."

"అంతేనండి. ఇది చూసి ఎవరిది తప్పో నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు."

రేణుక కళ్ళలో ఆశ పోయింది. ఆమెకు కావలసింది ఎవరూ చెప్పలేరు అన్న మాట కాదు, ఆయన కాదు అన్న మాట. యాదగిరికి నా మీద కోపమొచ్చింది.

"మరి గాళ్ళు చంద్రుని మీద దిగిన్రని మీరు ఎట్ల చెప్తున్నరు? మీరు సూసిన్రా?"

"లేదు."

"సూడకుండనే ఊరూరు తిరిగి చెప్తున్నరా?"

న్యాయమైన ప్రశ్నే. వాళ్ళు తెచ్చిన రాళ్ళు, అక్కడ వదిలొచ్చిన అద్దాలు, ఫొటోలు అని మొదలుపెట్టబోయాను. ఆ దొడ్డిలో అవేవీ పనికిరావనిపించింది. "నేను నమ్మడానికి ఒక కారణం ఉంది," అన్నాను. "అప్పట్లో వాళ్ళతో పోటీపడే ఇంకో దేశం ఉండేది. ఇద్దరికీ అస్సలు పడదు. వీళ్ళు అబద్ధమాడితే పట్టుకుని పదిమందిలో పరువు తీద్దామని కాచుకుని కూర్చున్న దేశం. ఆకాశంలోంచి వచ్చే ప్రతి మాటా వినే యంత్రాలు వాళ్ళ దగ్గరున్నాయి. అలాంటివాళ్ళే, వీళ్ళు దిగలేదని అనలేదు."

"పగోళ్ళే ఒప్పుకున్నరా?" అన్నాడు మల్లయ్య.

"ఒప్పుకున్నారు."

ఆయన తల ఊపాడు. అప్పుడు రేణుక గంప పక్క నుంచి లేచి, అన్న ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"అన్నా, ఈయనంటే నీకు పడదు. ఈ ఇంట్ల ఆయన తప్పు దొరకాలని కాసుకొని ఉన్నది నువ్వే. నువ్వు సూసినవా?"

యాదగిరి సైదులు మీంచి చూపు తిప్పుకున్నాడు.

"ఆ రాత్రి దొడ్డి కాడ కావలి నీదే గద. గీ గుమ్మం కాడనే నీ మంచం. ఆయన పొటేలును కొట్టుకపోంగ నువ్వు సూసినవా? సూసిన అని నీ నోటితోటి చెప్పు. నేనే ఆయనను తోల్కపోత."

"సూడలే."

"ఎందుకు సూడలే?"

యాదగిరి తన తండ్రి వైపు చూశాడు. తండ్రి నేల చూస్తున్నాడు.

"నేను గాడ లేను," అన్నాడు యాదగిరి. గొంతు బాగా తగ్గిపోయింది. "సెకండ్ షోకు మిర్యాలగూడ పోయిన. వచ్చేసరికి పొటేలు లేదు."

"పోయేటప్పుడు కంప అడ్డం పెట్టినవా?"

"పెట్టిన." కాసేపాగి మళ్ళీ అన్నాడు. "పెట్టిన్నో లేదో, యాదికి లేదు."

పొట్టేలును ఎవరన్నా తోలుకుపోయారో, అదే తెరిచిన గుమ్మంలోంచి నడిచి పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. వాళ్ళకూ తెలియలేదు. మల్లయ్య కొడుకును ఒక్క మాట అనలేదు. పెద్దమనుషులకు రావొద్దని చెప్పి రమ్మని పంపాడు. యాదగిరి వెళ్ళిపోయాడు. రేణుక కొంగుతో ముఖం తుడుచుకుంది. నాకు ఎంత తేలికపడిందో చెప్పలేను. వసుంధర నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

బక్కమ్మ ఇంట్లోకి వెళ్ళి చీపురు తెచ్చింది. ఈ దరిద్రం ఊడ్చేస్తా బిడ్డా అంటూ ఆ అడుగు మీదికి వంగింది. అడుగుజాడలు చెరగకూడదని ఊరూరా చెప్పే నేను, ఊడ్చేయమ్మా త్వరగా అనే అనుకున్నాను.

"ఊడ్చకత్తా," అన్నాడు సైదులు.

తాడు పక్కన పెట్టి మొదటిసారి లేచి నిలబడ్డాడు. గొంతులో కోపం లేదు. అలసట ఉంది.

"ఉండనీ. నాలుగు రోజులు దాన్ని జాగ్రత్తగా కాపాడారు కదా. ఇంకొన్నాళ్ళు కాపాడండి. వానొస్తే అదే పోతుంది. అందాకా మీరందరూ దాన్ని దాటుకునే దొడ్లోకి పోండి, నాలాగే."

బక్కమ్మ చీపురు పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆమె కళ్ళ నీళ్ళు పెట్టుకుంది గానీ, కాదనలేదు. మల్లయ్యే వంగి, గంప మళ్ళీ బోర్లించి, రాయి దాని మీద పెట్టాడు.

అప్పటిదాకా నేను ఏ అడుగునైనా వేసినవాళ్ళ గొప్ప కోసమే కాపాడతారనుకునేదాన్ని. ఆటోలో ఆ మాట వసుంధరతో అన్నాను. కాలువ దాటేటప్పుడు ఆటో కాస్త నెమ్మది చేసి, ఈసారి మృగశిరకన్నా వానలు పడతాయో లేదోనని యాకూబ్ అన్నాడు. మృగశిరకి ఇంకా నెల మీద పదిరోజులుంది.